చేతి పరికరాన్ని జనం తప్పుగా పట్టుకుంటుంటే మార్చాల్సింది ఏమిటి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: పెద్దవయసు వాళ్ళు ఇంట్లో తమంతట తామే వాడుకునే ఒక చిన్న వైద్య పరికరాన్ని కోర్సు ప్రాజెక్టుగా చేస్తున్నారు. శరీర కొలతల పట్టికలు చూసి, సగటు అరచేతికి సరిపోయేలా, సబ్బు బిళ్ళలాంటి నున్నటి రూపం ఇచ్చారు. పైన ఒకే సైజులో, పక్కపక్కనే రెండు బటన్లు. ఒకటి రీడింగ్ తీసుకోవడానికి, రెండోది పాత రీడింగులు చెరపడానికి. వాడి చూసినవాళ్ళలో కొందరు దాన్ని తలకిందులుగా పట్టుకున్నారు, కొందరు తప్పు బటన్ నొక్కారు. సూచనల పుస్తకం ఇంకా వివరంగా రాస్తే సరిపోతుందని మీ గైడ్ అన్నారు. అది నిజమేనా అని మీ సందేహం.

సరిపోదు. రూపమే మారాలి. నా ఉద్యోగమంతా చేతి పనిముట్లు, కంట్రోల్ ప్యానెళ్ళ డిజైన్‌లోనే గడిచింది. అందుకని కారణాలు కాస్త విడమరిచి రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు పట్టు సంగతి. ఒక వస్తువును ఎత్తబోయేటప్పుడే అది ఎంత బరువుంటుందో, ఎంత జారుతుందో మెదడు చూపుతోనే అంచనా కట్టి, వేళ్ళను అందుకు సిద్ధం చేస్తుంది. 1980లలో స్వీడన్‌లో రోలాండ్ యోహాన్సన్, గోరన్ వెస్ట్‌లింగ్ అనే పరిశోధకులు ఈ పట్టును జాగ్రత్తగా కొలిచారు. వస్తువు జారకుండా ఉండటానికి ఎంత ఒత్తిడి కావాలో అంతకన్నా కొంచెమే ఎక్కువగా వేళ్ళు నొక్కుతాయని తేలింది. గరుకు కాగితం అంటించిన వస్తువును తేలిగ్గా పట్టుకుంటాయి, పట్టుగుడ్డ అంటించినదాన్ని బిగించి పట్టుకుంటాయి. వస్తువు వెంట్రుకవాసి జారినా, సెకనులో పదో వంతు గడవకముందే పట్టు బిగుస్తుంది. జారిందన్న సంగతి మనకు తెలిసేసరికి చెయ్యి తన పని పూర్తి చేసేసి ఉంటుంది. అంటే, మీరు పుస్తకంలో రాసే ఏ సూచన అయినా ఈ వ్యవహారం ముగిశాకే మనిషికి చేరుతుంది.

ఇప్పుడు వయసును కలిపి చూడండి. పెద్దవాళ్ళ చర్మం పొడిబారుతుంది, పొడిచర్మం నున్నటి ప్లాస్టిక్ మీద తేలిగ్గా జారుతుంది. వేలికొనల స్పర్శ కూడా మందగిస్తుంది. అందుకే వాళ్ళు వస్తువును అవసరానికి మించి గట్టిగా పట్టుకుంటారు. అలా బిగుసుకుపోయిన చేతినే మీరు ఒక చిన్న బటన్‌ను ఎంచి సుతారంగా నొక్కమంటున్నారు. బ్రిటన్‌కు చెందిన జాన్ నేపియర్ 1956లో మనిషి పట్టును రెండు రకాలుగా విడదీశాడు. సుత్తిని పట్టుకున్నట్టు వేళ్ళనీ అరచేతినీ కలిపి బిగించే బలమైన పట్టు ఒకటి. కలాన్ని పట్టుకున్నట్టు వేలికొనలతో పట్టే సున్నితమైన పట్టు రెండోది. మీ పరికరం ఈ రెండింటినీ ఒకే చేతిని ఒకేసారి అడుగుతోంది. బొటనవేలు అటు పట్టుకోవాలా, ఇటు నొక్కాలా? తప్పు బటన్ నొక్కడం మొదలయ్యేది ఇక్కడే అని నా నమ్మకం.

దీనికి మందు పరికరం వెనకవైపు ఉంది. ముందు భాగాన్ని ఎంత అందంగా గీసినా, వెనకవైపు మూడు వేళ్ళు దిగబడే పల్లం, కాస్త గరుకైన రబ్బరు పూత లేకపోతే బొటనవేలికి విడుదల ఉండదు. 1990లో ఆక్సో సంస్థ తెచ్చిన గుడ్ గ్రిప్స్ వంటింటి పనిముట్ల కథ మీరు విని ఉంటారు. ఆ సంస్థ స్థాపకుడు శామ్ ఫార్బర్ తన భార్యకు కీళ్ళవాతం వల్ల తొక్క తీసే పీలర్ పట్టుకోవడం కష్టమవుతోందని గమనించాడు. స్మార్ట్ డిజైన్ సంస్థతో కలిసి లావుగా, మెత్తటి రబ్బరుతో, బొటనవేలూ చూపుడువేలూ ఆనేచోట పల్చటి రెక్కల్లాంటి గాట్లున్న పిడి చేయించాడు. ఆ గాట్లు రెండు పనులు చేస్తాయి: వేళ్ళకు పట్టు దొరుకుతుంది, ఎక్కడ పట్టుకోవాలో కంటికీ తెలుస్తుంది. నొప్పి ఉన్న చేతి కోసం చేసిన ఆ పిడి నొప్పి లేనివాళ్ళకూ నచ్చి, విపరీతంగా అమ్ముడుపోయింది. బలహీనమైన చేతిని ముందు పెట్టుకుని మొదలుపెట్టండి. బలమైన చెయ్యి దానికి ఎలాగూ సర్దుకుంటుంది.

తలకిందులుగా పట్టుకోవడానికి కారణం ఇంకా సూటిది. మీ పరికరానికి పైనా కిందా తేడా లేదు. చేతికి ఏ ఆధారమూ ఇవ్వకుండా సరిగ్గా పట్టుకోమని అడుగుతున్నారు. సుత్తి పిడి గుండ్రంగా కాకుండా కోలగా ఎందుకు ఉంటుందో ఎప్పుడైనా ఆలోచించారా? పిడి ఏ వైపు తిరిగి ఉందో అరచేతికి తెలుస్తుంది కాబట్టి, చూపంతా మేకు మీదే ఉన్నా సుత్తి ముఖం ఎటుందో మనకు తెలుస్తూనే ఉంటుంది. మీరూ అలాంటి తేడా ఒకటి పెట్టండి. కింది భాగం కొంచెం లావు, పై భాగం సన్నం చేసి, బ్యాటరీని కింది భాగంలోకి దించండి. బరువైన కొస అరచేతిలోకి దానంతటదే చేరుతుంది. ఇంతకంటే పెద్ద మార్పు అవసరం లేదేమో కూడా.

బరువు ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. మనం బరువును తక్కెడలా కొలవం. 19వ శతాబ్దంలో జర్మన్ శాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ వేబర్ చూపినట్టు, చేత్తో ఎత్తి పోల్చినప్పుడు మనకు తెలిసేది ఎన్ని గ్రాముల తేడా అన్నది కాదు, మొత్తంలో ఎన్నో వంతు అన్నది. ఆ వంతు సుమారు 40లో ఒకటి. అందుకే 100 గ్రాముల పరికరానికి 10 గ్రాములు కలిపితే చెయ్యి పసిగడుతుంది, 2 కిలోల దానికి కలిపితే గమనించదు. 1891లో ఫ్రాన్స్‌కు చెందిన ఓగుస్తాఁ షార్పాంతియే ఇంకో వింత బయటపెట్టాడు. ఒకే బరువున్న రెండు వస్తువుల్లో చిన్నది బరువుగా అనిపిస్తుంది. రెండూ సమానమని తక్కెడలో తూచి చూపించినా ఆ అనుభూతి పోదు. ఇంకా ఆశ్చర్యం, నాలుగైదుసార్లు ఎత్తాక వేళ్ళు నిజం తెలుసుకుని రెండింటికీ సమానమైన బలమే వాడతాయి, మనసుకు మాత్రం చిన్నదే బరువనిపిస్తూ ఉంటుంది. ఒకే మనిషిలో చెయ్యి ఒకటి నమ్ముతుంది, మనసు ఇంకొకటి. మన వృత్తిలో ఇంతకంటే ముఖ్యమైన పాఠం నాకు తెలియదు: మీరు డిజైన్ చేయాల్సింది కొలిస్తే వచ్చే అంకెకు మాత్రమే కాదు, అనిపించేదానికి కూడా.

లోహం, చెక్క సంగతీ అంతే. రెండూ గది వేడిమిలోనే ఉన్నా, లోహం చల్లగా తగులుతుంది. చర్మం ఉండేది సుమారు 33 డిగ్రీల దగ్గర. దాని వేడిని లోహం చటుక్కున లాగేసుకుంటుంది, చెక్క నెమ్మదిగా తీసుకుంటుంది. చర్మంలోని నాడులు చెప్పేది వస్తువు ఉష్ణోగ్రత కాదు, తమ దగ్గర్నుంచి వేడి ఎంత వేగంగా పోతోందన్నది. నాజూగ్గా ఉంటుందని అల్యూమినియం తొడుగు వెయ్యాలని మీ బొమ్మలో రాసుకున్నారు. కీళ్ళనొప్పులున్న చేతికి చలికాలం ఉదయాన అది ఎలా తగులుతుందో ఊహించుకుని నిర్ణయించండి. నేనైతే వెయ్యను. నాణ్యత తోచాలని లోపల ఉత్తి ఇనుపముక్క పెట్టి బరువు పెంచే అలవాటు కూడా కొందరిలో ఉంది. ఆ బరువు పట్టుకు తోడ్పడకపోతే దాన్ని మోసం అనే అంటాను.

సగటు అరచెయ్యి గురించి. 1950లో అమెరికా వైమానిక దళం కాక్‌పిట్లను తిరిగి డిజైన్ చేయడానికి 4,063 మంది పైలట్ల శరీరాలు కొలిపించింది. గిల్బర్ట్ డేనియల్స్ అనే యువ పరిశోధకుడు ఎత్తు, ఛాతీ, చేతి పొడుగు వంటి 10 కొలతలు తీసుకుని, అన్నిటిలోనూ సగటుకు దగ్గరగా ఉన్నవాళ్ళు ఎందరో లెక్కవేశాడు. ఒక్కరూ లేరు. సగటు పైలట్ కోసం చేసిన కాక్‌పిట్ ఏ పైలట్‌కూ అచ్చంగా సరిపోలేదన్నమాట. ఆ తర్వాతే సీట్లు, పెడళ్ళు, పట్టీలు ముందుకూ వెనక్కూ జరిగేలా తయారయ్యాయి. మీ పట్టికలో చూడాల్సినవి మధ్య అంకెలు కావు, రెండు చివరలు. బటన్‌ను అందుకోవడానికి అతి పొట్టి బొటనవేలిని లెక్కలోకి తీసుకోండి, రెండు బటన్ల మధ్య ఎడానికి అతి లావుపాటి వేలిని. పది మందిలో ఒకరు ఎడమచేతివాటం అని మరవకండి. వెనక పల్లం రెండు చేతులకూ కుదరాలి.

ఇక బటన్లు. ఇక్కడ మీరు తెలుసుకోవాల్సిన కథ రెండో ప్రపంచయుద్ధం నాటిది. బీ-17 బాంబర్ విమానాలు క్షేమంగా నేల మీద దిగాక, పైలట్లు రెక్కల ఫ్లాపులను పైకి తియ్యబోయి చక్రాలను పైకి ముడిచేసేవాళ్ళు. విమానం పొట్ట మీద కూలబడేది. పైలట్ పొరపాటు అని రికార్డుల్లో రాసుకున్నారు. అల్ఫోన్స్ చాపానిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త వెళ్ళి చూస్తే, ఆ రెండు మీటలూ ఒకేలా, పక్కపక్కనే ఉన్నాయి. అలాంటి పక్కపక్క మీటలు లేని విమానాల్లో ఈ ప్రమాదం జరగడం లేదు. ఆయన చక్రాల మీటకు చిన్న రబ్బరు చక్రాన్ని, ఫ్లాపు మీటకు రెక్కలా ఏటవాలుగా ఉన్న ముక్కను తగిలించాడు. చెయ్యి తాకగానే ఏది ఏదో తెలిసిపోయింది. నేటికీ ప్రయాణికుల విమానాల్లో ఆ మీటల కొసలు అదే ఆకారాల్లో ఉండాలన్నది నిబంధన. 1947లో పాల్ ఫిట్స్, రిచర్డ్ జోన్స్ ఇలా పైలట్ల తప్పులుగా పేరుబడ్డ 460 సంఘటనలు సేకరించి చూస్తే, ఒక మీట అనుకుని ఇంకో మీటను లాగడమే అన్నిటికంటే ఎక్కువగా కనిపించింది. ఎంతో శిక్షణ పొందిన, ప్రాణభయం ఉన్న మనుషులే ఒకేలాంటి రెండు మీటల మధ్య తడబడ్డారు. మీ సూచనల పుస్తకం అంతకన్నా గట్టి శిక్షణ ఇవ్వగలదా?

కాబట్టి రెండు బటన్లూ ఒకేలా ఉండకూడదు, పక్కపక్కనే ఉండకూడదు. రీడింగ్ బటన్ పెద్దగా, బొటనవేలు దిగే పల్లంలా, ముందు వైపున ఉంచండి. చెరిపే బటన్ అసలు అక్కడ ఉండాల్సిన అవసరమే లేదు; తిరిగి తెచ్చుకోలేని పనికి దారి కాస్త కష్టంగా ఉండటమే న్యాయం. పక్క అంచున లోపలికి అణిగి ఉన్న చిన్న బటన్, కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటేనే పనిచేసేది, చాలు. బటన్ మీద చేతికి తెలిసే ఉబ్బెత్తు గుర్తు పెట్టదలిస్తే వేలికొన సామర్థ్యం గుర్తుంచుకోండి. ఆరోగ్యవంతుల వేలికొన సుమారు 2 మిల్లీమీటర్ల ఎడం ఉన్న రెండు చుక్కలను విడివిడిగా గుర్తుపడుతుంది. వయసుతో ఆ ఎడం పెరుగుతుంది. లూయీ బ్రెయిల్ 15 ఏళ్ళ వయసులో, 1824లో, తన లిపిని రూపొందించినప్పుడు చేసిన గొప్ప పని ఇదే. అంతకు ముందు షార్ల్ బార్బియే తయారుచేసిన 12 చుక్కల గడి వేలికొన కిందికి ఒక్కసారిగా ఇమిడేది కాదు, వేలిని పైకీ కిందికీ జరపాల్సి వచ్చేది. బ్రెయిల్ దాన్ని 6 చుక్కలకు తగ్గించాడు. ఒక్కో అక్షరం ఒక్క స్పర్శలో ఇమిడిపోయింది. ఇప్పుడు బ్రెయిల్ చుక్కల మధ్య దూరం దాదాపు 2.5 మిల్లీమీటర్లు. ఒక లిపి కొలతను నిర్ణయించింది వేలికొన చర్మం!

బటన్లు తీసేసి మొత్తం గాజు తెర పెడితే ఎలా ఉంటుందని చివర్లో అడిగారు. దయచేసి వద్దు. 2017 ఆగస్టులో అమెరికా నౌకాదళానికి చెందిన జాన్ ఎస్. మెకెయిన్ యుద్ధనౌక సింగపూర్ దగ్గర ఒక ట్యాంకర్‌ను ఢీకొని 10 మంది నావికులు చనిపోయారు. దర్యాప్తులో శిక్షణ లోపాలతో పాటు, వేగాన్నీ చుక్కానినీ తెర మీద నడిపే టచ్‌స్క్రీన్ ఏర్పాటు కూడా కారణాల్లో తేలింది. 2019లో నౌకాదళం తన డిస్ట్రాయర్లలో చేత్తో పట్టుకుని తోసే మామూలు మీటలను మళ్ళీ పెట్టాలని నిర్ణయించింది. గాజు మీద వేలికి ఏమీ తగలదు, కాబట్టి ప్రతిసారీ కన్ను తోడు రావాలి. కళ్ళద్దాలు ఎక్కడ పెట్టారో వెతుక్కునే మనిషికి ఇచ్చే పరికరంలో ఆ తోడు దొరకదు.

నొక్కిన సంగతి నొక్కినవాడికి తెలియాలి, అదీ వెంటనే. సెకనులో పదో వంతు లోపు స్పందన వస్తే తానే చేసినట్టు మనిషికి అనిపిస్తుంది. అంతకన్నా ఆలస్యమైతే అనుమానం వస్తుంది, మళ్ళీ నొక్కుతాడు. స్పర్శను ఎంత సులువుగా నమ్మించవచ్చో చెప్పాలంటే, 2015 నుంచి ఆపిల్ ల్యాప్‌టాప్‌లలో వస్తున్న టచ్‌ప్యాడ్ చూడండి. వేలికి టక్కుమని కిందికి దిగినట్టు ఉంటుంది, నిజానికి దిగదు. లోపలి విద్యుదయస్కాంతం దాన్ని పక్కకు చిన్నగా కదుపుతుంది. మన చర్మం లోతున ఉన్న పాచినియన్ కణికలు సెకనుకు 250 సార్ల ప్రాంతంలో జరిగే కంపనాలను అన్నిటికంటే బాగా పసిగడతాయి కాబట్టి మీ పరికరంలో వైబ్రేషన్ పెడితే ఆ దరిదాపుల్లో ఎంచుకోండి. బీప్ ఒక్కదాన్నే నమ్ముకోకండి. వయసుతో ముందుగా వినబడకుండా పోయేవి కీచుమనే శబ్దాలే.

కంటి విషయం క్లుప్తంగా చెబుతాను, దీని మీద మంచి సమాచారం తేలిగ్గా దొరుకుతుంది. 60 ఏళ్ళ కంటి లోపలికి చేరే వెలుతురు 20 ఏళ్ళ కంటితో పోలిస్తే దాదాపు మూడో వంతే. అంకెలు పెద్దగా, నలుపు-తెలుపు తేడా గట్టిగా ఉండాలి. ఉత్తర ఐరోపా మూలాలున్న మగవాళ్ళలో సుమారు 8 శాతానికి ఎరుపు-ఆకుపచ్చ తేడా సరిగా తెలియదు, మిగతా జనాల్లో ఇది కొంత తక్కువే అయినా అరుదేమీ కాదు. రంగుతో చెప్పేదేదైనా ఆకారంతోనో చోటుతోనో కూడా చెప్పండి.

ఇప్పటిదాకా ఇంద్రియాల గురించి చెప్పాను. మనిషి స్వభావం అంతకన్నా మొండిది. కావలసింది చేతికి అందగానే మనసు అక్కడి నుంచి వెళ్ళిపోతుంది. ఏటీఎం యంత్రాలు ముందు డబ్బిచ్చి తర్వాత కార్డు ఇస్తే జనం కార్డు వదిలేసి పోతారు. కార్డు తీసుకుంటేనే డబ్బొచ్చేలా చాలాచోట్ల మార్చడంతో ఆ మరుపు తగ్గింది. జనాన్ని జాగ్రత్తగా ఉండమని బోర్డు పెట్టి సాధించలేనిది, రెండు పనుల క్రమం మార్చితే అయిపోయింది. మీ పరికరంలో రీడింగ్ కనబడగానే మనిషి దాన్ని బల్ల మీద పెట్టేసి వెళ్ళిపోతాడు. ఆ తర్వాత ఇంకేదో నొక్కి భద్రపరచమంటే ఎవరూ చెయ్యరు. భద్రపరచడం దానంతటదే జరిగిపోవాలి, పరికరం ఆగిపోవడం కూడా.

భయంలో ఉన్న మనిషి గురించీ ఆలోచించాలి, వైద్య పరికరం కదా. 1883లో ఇంగ్లండ్‌లోని సండర్లాండ్‌లో విక్టోరియా హాలులో మెట్ల కింద ఉన్న తలుపు ఒక్కరు మాత్రమే పట్టేంత తెరుచుకుని గడియపడి ఉండటంతో, బహుమతుల కోసం కిందికి పరుగెత్తిన పిల్లల్లో 183 మంది తొక్కిసలాటలో చనిపోయారు. 1903లో షికాగోలోని ఇరాక్వాయ్ థియేటర్ మంటల్లో సుమారు 600 మంది పోయారు. గొళ్ళెం ఎలా తియ్యాలో తెలియని తలుపుల దగ్గర ఎందరో ఆగిపోయారు. ఇలాంటి విషాదాల నుంచే, ఒంటితో నెడితే చాలు తెరుచుకునే అడ్డకడ్డీ తలుపులు పుట్టాయి. తరుముకొచ్చే భయంలో మనిషి ముందుకు తోస్తాడు, ఆగి గొళ్ళెం తీయడు. ఆ తోయడాన్నే తలుపు తెరిచే పనిగా మార్చారు. మీ పరికరంలో అంకె ప్రమాదకరంగా వచ్చినప్పుడు చూసే మనిషి చేతులు వణుకుతాయి. ఆ క్షణంలో మెనూలు వెతకనివ్వకండి.

స్వభావంతో పోరాడితే ఏమవుతుందో మందు సీసాల మూతలు చూపిస్తాయి. 1970లో అమెరికా చట్టం చేసి, నొక్కుతూ తిప్పాల్సిన మూతలు తెచ్చింది. రెండు కదలికలు ఒకేసారి చేయడం చిన్నపిల్లలకు తోచదన్న లోతైన పరిశీలన అందులో ఉంది. ఎన్నో ప్రాణాలు నిలిచాయి. కానీ వేళ్ళు నొప్పి పుట్టే ముసలివాళ్ళు మూతలు బిగించడం మానేశారు, తెరిచిన సీసా పిల్లల చేతికి అందింది. అందుకే 1995లో పరీక్షా నియమాలు మార్చి, 50 నుంచి 70 ఏళ్ళవాళ్ళు తెరవగలగాలని చేర్చారు.

ఇక మీ తర్వాతి పరీక్ష. బంకమట్టితోనో థర్మాకోల్‌తోనో నాలుగైదు ఆకారాలు చెయ్యండి, లోపల అసలు పరికరం ఎంత బరువుంటుందో అంత బరువు, అసలు బ్యాటరీ ఉండే చోటే పెట్టండి. బరువు లేని నమూనా చేతికి అబద్ధం చెబుతుంది. ఎవరికీ ఏమీ వివరించకండి. బల్ల మీద పెట్టి తీసుకోమని మాత్రం చెప్పి, మొదటి రెండు సెకన్లు చెయ్యి ఎటు వెళ్ళిందో వీడియో తియ్యండి. ఎలా ఉందని అడిగితే వచ్చే జవాబులకు అంత విలువ ఇవ్వకండి, మర్యాద కోసం బాగుందనేస్తారు. గది దీపాలు తగ్గించి ఒకసారి, చేతికి పల్చటి గ్లవ్స్ తొడిగి ఒకసారి చూడండి. మందగించిన చూపు, స్పర్శ ఎలా ఉంటాయో కొంతైనా తెలుస్తుంది. అయితే గ్లవ్స్ తొడిగిన కుర్రాడు డెబ్బై ఏళ్ళ మనిషికి సాటి రాడు, కాబట్టి వాళ్ళను పిలవండి. వారం తర్వాత అదే మనుషులతో ఇంకోసారి చెయ్యండి. మొదటిరోజు చెయ్యి రూపాన్ని బట్టి నడుస్తుంది, తర్వాత అలవాటును బట్టి. రెండుసార్లూ అదే చోట తడబడిన ఆకారాన్ని నిర్మొహమాటంగా పక్కన పడెయ్యండి, అది మీకు ఎంత నచ్చినదైనా సరే. వెనక పల్లం లోతు దగ్గర ఇబ్బంది వస్తే కొలతలతో సహా రాయండి, చూసి చెబుతాను.